తోక బండి వెనక

అసురసంధ్య వేళ... పడమటి కొండల వెనక సూర్యుడు నెత్తుటి ముద్దలా జారిపోయాడు. అంతవరకూ లోయలో పడుకుని ఉన్న పొగమంచు ఒళ్ళు విరుచుకుని పైకి లేచింది. ఎక్కడో మేఘం ఉరిమింది. బండరాళ్ళ సందుల్లో గుడ్లగూబ ఒకటి అరిచింది... దూరం నుంచి మరొకటి బదులు పలికింది... ఆ తర్వాత ఆ పర్వతశ్రేణి మీద శ్మశాన నిశ్శబ్దం ఆవరించింది!

ఇంతటి భీకర దృశ్యాన్ని జీపు అద్దంలోంచి చూస్తూ మేస్త్రి ఆవలించాడు.

పాపం, అతని తప్పేం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి. శుక్రవారం దాకా షెడ్డులో జనం బండ్లు బాగుచేయడం, శని ఆదివారాలు ఆ బండ్లే కొండల్లో పాడవుతుంటే వాటి వెనక తిరగడం, ఇదీ అతని బతుకు. దారి ఉన్నచోట హాయిగా తిరగక, దారి లేనిచోటు వెతుక్కుంటూ వెళ్ళి గుడారాల్లో పడుకునేవాళ్ళు ఉంటారని చిన్నప్పుడు ఎవరైనా చెప్పుంటే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడానికి ఓపిక లేదు.

ఆ రోజు బయల్దేరినవి ఎనిమిది జీపులు. ముందు బండిలో ఈ యాత్రలు నడిపే ఆసామి ఉంటాడు. అందరూ అతన్ని కెప్టెన్ అంటారు. ఆఖరి బండి మేస్త్రిది, దాని పేరు తోక బండి. కొండదారిలో నియమం ఒక్కటే. ప్రతి డ్రైవరూ తన వెనక బండి దీపాలు అద్దంలో చూసుకుంటూ పోవాలి. దీపాలు కనబడకపోతే ఆగిపోవాలి. అతను ఆగితే అతని దీపాలు కనబడక ముందువాడూ ఆగుతాడు, అలా వరస మొత్తం ఆగుతుంది. తోక బండికి మాత్రం ఆ బెడద లేదు, దాని వెనక ఎవరూ ఉండకూడదు కనుక. లాగే తాళ్ళు, పనిముట్లు, మందుల పెట్టె అన్నీ అందులోనే ఉంటాయి. ఎవరు ఎక్కడ కూరుకుపోయినా చివరికి వాళ్ళ దగ్గరికి చేరేది మేస్త్రే.

పన్నెండేళ్ళలో మొట్టమొదటిసారి ఆ సాయంత్రం అతను ఆ నియమం తప్పాడు.

వాగు దాటేచోట ఒక జీపు ఇరుసుకి పాత కంచె తీగ చుట్టుకుంది. మేస్త్రి గంటసేపు బురదలో వెల్లకిలా పడుకుని దాన్ని కత్తిరించాడు. లేచేసరికి నడుము అతని మాట వినడం మానేసింది. ఆ జీపూ దాని ముందువన్నీ కొండెక్కేశాయి. ఇక మిగిలినవి రెండే, సాయానికని వరస దాటి ముందుకొచ్చిన తన బండీ, దాని వెనక ఇరుక్కున్న పెద్దాయన బండీ. వరస సరిచేయాలంటే ఆ రాళ్ళ మీద రెంటినీ ముందుకీ వెనక్కీ తిప్పాలి.

"నువ్వు పద మేస్త్రీ," అన్నాడు పెద్దాయన. "నీ వెనకే వస్తాగా. ఈ ఒక్కసారికి ఏం కాదు."

పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ఇది ఆయనకి ఏడో యాత్ర. అంత వయసులోనూ ఆయన ఆయాసపడగా గానీ, కూర్చోవడానికి చోటు వెతుక్కోగా గానీ ఎవరూ చూడలేదు. ముప్ఫై ఏళ్ళవాళ్ళు కాళ్ళు పట్టుకుని కూలబడుతుంటే ఆయన నిటారుగా నిలబడి చిరునవ్వు నవ్వేవాడు. యోగా చేస్తారేమోనని కెప్టెన్ మురిసిపోయేవాడు.

ఆ బండిలోనే మేస్త్రి చెల్లెలు ఉంది. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది, శని ఆదివారాలు ఇక్కడ ముప్ఫై మందికి వండుతుంది. రెండేళ్ళ క్రితం వంటవాడు చెప్పాపెట్టకుండా మానేస్తే, "ఈ ఒక్క వారానికి రా చిట్టీ" అని మేస్త్రే పిలిచాడు. సరే అంది. ఆ ఒక్క వారం ఇంకా పూర్తి కాలేదు. మేస్త్రి జీపు నిండా సామాన్లు, పెద్దాయన బండిలో మెత్తటి సీటు ఖాళీ. మోకాళ్ళ నొప్పుల పిల్ల, సుఖంగా ఉంటుందని పొద్దున తనే అందులో ఎక్కించి, తన చేత్తోనే తలుపు వేశాడు.

అలవాటు లేని పని కదా, అద్దంలోకి చూడాలని గుర్తొచ్చేసరికే చాలా దూరం వచ్చేశాడు. గుర్తొచ్చి చూశాడు. అద్దంలో పొగమంచు తప్ప ఏమీ లేదు.

మేస్త్రి బండి ఆపాడు. వాకీటాకీ నొక్కాడు. "పెద్దాయనా, ఎక్కడున్నారు? మీ దీపాలు కనబడట్లేదు."

గరగరమని చప్పుడు... ఆ చప్పుడు అడుగున ఏదో గొణుగుడు... గొంతు పెద్దాయనదే, ఆ అక్షరాలు మాత్రం మనుషులు మాట్లాడుకునేవి కావు. ఒకదాన్నొకటి తొక్కుకుంటూ దొర్లుతున్న బీజాక్షరాలు! ఆ గొణుగుడు ఆగినప్పుడల్లా చెల్లెలి గొంతు వినిపించింది.

"సరే."

మళ్ళీ గొణుగుడు. మళ్ళీ ఆమె గొంతు.

"సరే..."

మేస్త్రి నిద్రమత్తు ఎగిరిపోయింది. ఇంతలో కెప్టెన్ గొంతు అడ్డుపడింది. "తోకా, ఎందుకాగావు? వానొచ్చేలా ఉంది, పైకి రా. జనం ఆకలి మీదున్నారు. ఆ స్టవ్ వంటక్కకి తప్ప ఎవరికీ లొంగట్లేదు."

"చిట్టి వెనకుండిపోయింది."

"పెద్దాయనతోనేగా, వస్తుందిలే. నువ్వు ముందు రా. ఈ ఒక్కసారికి నా మాట విను."

మేస్త్రి గేరు వెనక్కి వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోక తప్పదు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ ఉన్న ఆ ఇరుకు దారిలో బండిని మూరెడు ముందుకీ జానెడు వెనక్కీ జరుపుకుంటూ ఎలాగో మళ్ళించాడు. ఒక వెనక చక్రం గాలిలోకి వెళ్ళొచ్చింది. దాని గురించి తీరిగ్గా భయపడదామని అప్పటికి వాయిదా వేసుకున్నాడు.

వాగు దాకా వచ్చి టార్చి వేసి నేలంతా వెతికాడు. కొండెక్కే ముందు అన్ని జీపుల టైర్లలోనూ గాలి తగ్గించాడు, పట్టు దొరకడానికి. వాటి జాడలు వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి. నా బండికి వద్దని పెద్దాయన ఒక్కడే అన్నాడు. సన్నటి, గట్టి జాడ ఒకటి వాగు ఇవతలే వరసలోంచి విడిపోయి ఎడమకి తిరిగింది. ఆ తిరిగినవైపు ఉన్నది ఒకప్పటి రాళ్ళ క్వారీ. దారి కూలిపోయి దాన్ని మూసేసి నలభై ఏళ్ళయింది. ఇలాంటి బండి లేనిదే మనిషన్నవాడు అక్కడికి పోలేడు.

మెరుపు మెరిసింది... ఆ మెరుపులో కనిపించింది క్వారీ! కొండ కడుపుని చీల్చి పేగులు లాగేసినట్టున్న మహా బిలం. అడుగున నల్లటి నీళ్ళు. నీళ్ళ పక్కన చదునైన బండ. బండ మీద బూడిదతో గీసిన వలయం, వలయం నడుమ కొవ్వుతో వెలిగే దీపం. ఆ దీపం వెనక, పసుపుపచ్చగా పండిపోయిన ఒక కపాలం... దాని కంటిగుంటల్లో వెలుగు కదులుతుంటే అది రెప్పలార్పుతున్నట్టే ఉంది.

కపాలం ముందు పెద్దాయన దిగంబరుడై, ఒళ్ళంతా బూడిద పులుముకుని నిలబడి ఉన్నాడు. చలికి ఒక్క రోమం నిక్కబొడుచుకోలేదు.

వలయం అంచు వెంబడి నడుస్తోంది చిట్టి. జుట్టు విరబోసుకుని, నెత్తిమీద బండరాయితో... నలుగురు మగవాళ్ళు కలిసినా కదలని రాయి. రెండు చేతులతో దాన్ని పట్టుకుని, రాళ్ళు మోసే కూలీల్లా నడుము ఊపుకుంటూ, ఏనాడూ రాయి మోయని తన చెల్లెలు! అడుగు వేసినచోటల్లా పాదం గట్టినేలలోకి దిగుతోంది. అప్పటికే అయిదు రాళ్ళు కపాలం చుట్టూ పేర్చి ఉన్నాయి. ఆ ఆరోదాన్ని తెచ్చి దించి ఆమె నిలబడింది. పొద్దున నల్లగా ఉన్న పాపిట ఇప్పుడు ముగ్గుబుట్ట.

ఆమె నోరు తెరిచింది. అందులోంచి వచ్చిన గొంతు వేరొకరిది. "ఇంకెన్ని అయ్యా?"

"ఒక్కటే," అన్నాడు పెద్దాయన లాలనగా. "ఈ ఒక్కటీ మోసిపెట్టు."

"సరే..."

మేస్త్రి బండిని లో గేరులో వేసి తిన్నగా వలయం మీదికి దూకించాడు. బూడిదగీత తాకగానే ఇంజను చచ్చిపోయింది. దీపాలు ఆరిపోయాయి. దిగి పరిగెత్తాడు. గీత మీద కాలు పెట్టాడో లేదో, గోరుచుట్టు మీద రోకటిపోటులా, ముప్ఫై ఏళ్ళుగా పడుకోని నిద్రలన్నీ ఒక్కసారి అతని మీద పడ్డాయి. మోకాళ్ళు మడతపడ్డాయి. చేతులు నేలకి అతుక్కుపోయాయి.

"వచ్చావా మేస్త్రీ. కూర్చో, బాగా అలిసిపోయావు." పెద్దాయన వెనక్కి తిరగలేదు. "నీ చెల్లెలికి హాని లేదులే. చావదు. చావకుండానే ఉంటుంది."

"ఏం చేస్తున్నావురా దాన్ని?"

"ఈ పుర్రె ఎవరిదో తెలుసా? ఇదే గోతిలో రాళ్ళు మోస్తూ మోస్తూ చచ్చిన ఒక ఆడకూలీది. బతికుండగా బరువు మోసినవాళ్ళదే పనికొస్తుంది. ఒక్క పని చేసిపెట్టు, వదిలేస్తానన్నాను. సరే అంది. ఆ తర్వాత ఇంకొక్కటి అన్నాను. నలభై ఏళ్ళుగా నా అలసటంతా అదే మోస్తోంది. నేను మోసింది లేదు, ఆవలించింది లేదు." పెద్దాయన గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది. "ఈమధ్య దానికి సత్తువ తగ్గింది. కొత్త ఒళ్ళు కావాలి. ఏడో రాయికి సరే అని మోస్తే అదీ నీ చెల్లెలూ ఒకటైపోతారు. ఇక నాకు ఇంకో నలభై ఏళ్ళు నిశ్చింత."

"నా చెల్లెలే ఎందుకు?"

"మీ ఆఫీసులో ఫారాలు నింపిస్తారుగా. పుట్టినరోజు, రక్తం గ్రూపు, జబ్బులు. చదివాను. అమావాస్యనాడు పుట్టింది. జబ్బులు లేవని రాసింది. అలసట రాయడానికి మీ ఫారంలో గడి లేదు మేస్త్రీ. ఆరు యాత్రల్లోనూ చూశాను. ఎవరేం అడిగినా సరే అంది. ఇంతకంటే మంచి ఒళ్ళు నాకెక్కడ దొరుకుతుంది?"

మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. మేస్త్రి నేలమీద జానెడు పాకాడు. కనురెప్పలు ఇనప షట్టర్లలా దిగుతున్నాయి. చిట్టి నడిచివెళ్ళి ఏడో రాయి ముందు వంగింది. అది మిగతావాటికంటే పెద్దది. దాన్ని మెల్లగా మోకాలి మీదికి, మోకాలి మీంచి రొమ్ముకి, రొమ్ము మీంచి నెత్తికి ఎత్తుకుంది. కొండమీద ఉరుము దొర్లింది. గుడ్లగూబలు ఒకటి కాదు, పది కాదు, గోతి అంచంతా వచ్చి వాలాయి.

"చిట్టీ... రాయి దించమ్మా. నేను, అన్నయ్యని."

"సరే," అంది చిట్టి. దించలేదు. నడుస్తూనే ఉంది.

పెద్దాయన వికటంగా నవ్వాడు. ఆ నవ్వు గోతి గోడలకి కొట్టుకుని నూరు గొంతుకలై తిరిగొచ్చింది. "చూశావా? అందరికీ ఒకటే మాట."

క్షుద్రవిద్యలో ఒక రహస్యముంది. ఏ ఆత్మనీ ఏ మాంత్రికుడూ బలవంతంగా కట్టిపడేయలేడు. అది ఒప్పుకోవాలి, ప్రతిసారీ ఒప్పుకోవాలి. మంత్రాలన్నీ ఆ ఒప్పుకోలు చుట్టూ కట్టిన ఆర్భాటం. ఈ సంగతి మేస్త్రికి తెలియదు. అతనికి తెలిసిందల్లా తన చెల్లెలు. దించమన్నా ఎత్తమన్నా ఆమెకి అది మరో పనే. కాదనడం ఆమెకి రాదు. ఆమె నాలుకని అరువు తెచ్చుకున్న ఆ చచ్చిన కూలీకీ రాదు. రాకుండా పోవడానికి కారణం ఆ కూలీకి ఈ మాంత్రికుడు, మరి చిట్టికి ఎవరు? ఆ జవాబు గుండెలో దిగబడినప్పుడు మేస్త్రికి సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. ఆ మంటకే కాస్త మెలకువ వచ్చింది.

"చిట్టీ," అన్నాడు. "వచ్చే వారం కూడా రావాలి. ఈ ఒక్క వారానికి."

పెద్దాయన నవ్వు ఆపి వింతగా చూశాడు.

"సరే," అంది చిట్టి.

"రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్ళకు. నేరుగా షెడ్డుకి రా. ముప్ఫై కాదు, యాభై మంది వస్తున్నారు."

"సరే."

"నా నూనెగుడ్డలు మూటకట్టి ఉన్నాయి. ఎలాగూ ఉతికే చేతులేగా, అవీ ఉతికిపెట్టు."

ఆమె అడుగు తడబడింది. రాయి ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది. "సరే..."

మేస్త్రి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఒక్కొక్క మాటా తను ఎప్పుడో ఒకప్పుడు నిజంగా అన్నదే. ఇప్పుడు వరసగా అంటుంటే, తన నోట్లోంచే రాళ్ళు తీసి ఆమె నెత్తిన పెడుతున్నట్టుంది. అయినా ఆమె కాదనాలని ఆపలేదు. "మోకాళ్ళు నొప్పులంటే ఎలా? అందరికీ ఉంటాయి. నిన్నేమైనా కొండలు మోయమన్నానా? వండమన్నానంతే. నీకు ఇల్లా, పిల్లలా? ఆదివారం నువ్వు మాత్రం ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? రా చిట్టీ."

చిట్టి ఆగిపోయింది.

ఆగిపోయాయి గుడ్లగూబల అరుపులు... ఆగిపోయింది ఉరుము... దీపం కూడా కదలడం మానేసింది. ఆమె పెదవులు ఆ పాత మాట కోసం అలవాటుగా గుండ్రపడబోయి, వణికి, విడిపోయాయి.

"రాను."

అంత చిన్న మాట! బూడిదగీత ఆ మాటకి బీటలువారింది.

"రాను అన్నయ్యా. కూర్చుంటాను. ఆదివారం ఊరికే కూర్చుంటాను."

"నోర్మూయ్!" పెద్దాయన కపాలం వైపు దూకాడు. "దాని మాట వినకు. ఇది ఆఖరిది, ఈ ఒక్కటీ మొయ్యి. ఆజ్ఞాపిస్తున్నాను... మొయ్యి! భస్మం చేసేస్తాను!"

చిట్టి తల మెల్లగా అతని వైపు తిరిగింది. ఇప్పుడు ఆ కళ్ళు ఆమెవి కావు. ఎవరో పక్కనుండి అప్పుడే నేర్పిన పాఠాన్ని అప్పజెప్పినట్టు, ఆ రెండో గొంతు తడుముకుంటూ పలికింది.

"చెయ్యను."

ఏడో రాయి నేలమీద పడింది. కొండ అదిరింది. దీపం ఆరింది.

చీకట్లో మొదట వినిపించింది ఒక ఆవలింత. పెద్దాయన నలభై ఏళ్ళ తర్వాత ఆవలించాడు. మెరుపు వెలుగులో మేస్త్రి చూశాడు. ఆయన దవడ తెరుచుకుంది, మళ్ళీ మూసుకోలేదు. భుజాలు జారాయి. నిటారుగా ఉండే ఆ వెన్ను వంగి, వంగి, మెడ మోకాళ్ళని తాకింది. కనబడని రాళ్ళేవో ఒక్కొక్కటే ఆయన నెత్తిన పడుతున్నాయి, పడినప్పుడల్లా పాదాలు బండలోకి దిగుతున్నాయి. నలభై ఏళ్ళ మెట్లు, నలభై ఏళ్ళ మేలుకొన్న రాత్రులు, మరొకరి మీదికి తోసేసిన ప్రతి బరువూ వెతుక్కుంటూ వచ్చింది.

"ఒక్క... ఒక్క నిమిషం... కూర్చోనివ్వు..."

కూర్చోవడానికి ఆయనకి చోటు దొరకలేదు. ఎముకలు ఎండుపుల్లల్లా విరిగిన చప్పుడు... ఒక దీర్ఘమైన, అమానుషమైన ఆర్తనాదం... దాని మీద విరుచుకుపడిన వాన! ఆ వాన కాసేపటికి బూడిదనీ, బూడిదలాంటిదే మరింకేదాన్నో కలిపి నల్లటి నీళ్ళలోకి కడిగేసింది. మంత్రాలకి లొంగనిదేదీ లేదని ఆయన బతికినన్నాళ్ళూ నమ్మాడు. అలసట లొంగలేదు.

కపాలం రెండుగా పగిలి ఉంది. దాని పక్కన, ఆరో రాయి మీద ఎవరో కూర్చున్నట్టు మేస్త్రికి ఒక్క క్షణం అనిపించింది. కాళ్ళు బారచాపుకుని, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని, వానలో ముఖం పైకెత్తి ఒక ఆడమనిషి ఊపిరి వదిలింది. తర్వాత రాయి ఖాళీగా తడుస్తోంది.

చెల్లెల్ని ఎత్తుకుందామంటే అతని నడుము ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, రెండుసార్లు జారిపడి, మొత్తానికి జీపు చేరారు. ఇంజను మొదటి తిప్పుకే పలికింది. వెనక సీటు మీది తాళ్ళూ సామాన్లూ అన్నీ వానలోకి గిరాటేసి, ఆమెని పడుకోబెట్టి, తన కోటు కప్పాడు.

వాగు దగ్గరికొచ్చాక వాకీటాకీ గరగరలాడింది. "తోకా, వింటున్నావా? ఇంకా ఎవరూ తినలేదు. వంటక్క దొరికిందా?"

"దొరికింది. పడుకుంది," అన్నాడు మేస్త్రి. "నేను దాన్ని ఇంటికి తీసుకెళ్తున్నా. స్టవ్ పక్కన గాలి కొట్టే మీట ఉంటుంది, పదిసార్లు కొట్టి వెలిగించుకోండి."

అటునుంచి ఏదో వస్తుంటే కట్టేశాడు. జీపు కిందికి దిగుతోంది. వాన తెరిపినిచ్చింది. అద్దంలో వెనక దారి కనబడట్లేదు, చెల్లెలి తల కనిపిస్తోంది. ఆ తెల్లబడిన పాపిట ఇక నల్లబడదని అతనికి అర్థమైంది. కనీసం ఆమెకి ఇదంతా గుర్తుండకపోతే బాగుండుననుకున్నాడు. తను అన్న మాటలు మాంత్రికుణ్ణి దెబ్బతీయడానికి అన్నవే అని ఆమె అనుకుంటే బాగుండును. రానన్న ఆ జవాబు కూడా ఆమె ఒంటిలో చేరిన కూలీ ఆత్మే ఇచ్చి ఉంటుంది, రేపటికి మళ్ళీ మామూలే అవుతుందేమోనని కూడా ఒక మూల ఆశపడ్డాడు. అలసిన మనిషి ఆశలు అలాగే ఉంటాయి.

"అన్నయ్యా."

"పడుకో చిట్టీ. ఇంకా గంట పడుతుంది."

"అక్కడ రానన్నది నేనే. అది కాదు."

మేస్త్రి బండి ఆపాడు. స్టీరింగు మీద తల ఆనించాడు. ఏడుస్తున్నాడని ఆమెకి తెలుసు. ఎప్పట్లా లేచి ఊరుకోమనలేదు. కోటు గడ్డం దాకా లాక్కుని, అటు తిరిగి పడుకుంది.